తాలిబె ఇల్మ్ ఖరీదెంత?

మా ఇండ్లల్లో చదువుకునేవాణ్ని తాలిబె ఇల్మ్ అంటారు. ఇల్మ్ అంటే జ్ఞానం. తాలిబ్ అంటే దాన్ని కోరి వచ్చినవాడు. తెలుగులో విద్యార్థి అన్నా అదే. అర్థి అంటే అడిగేవాడు. ఎక్కడెక్కడో పుట్టిన రెండు భాషలు చదువుకునేవాడికి ఒకే పేరు పెట్టుకున్నాయి. వాడి దగ్గర ఏమీ లేదు, అడగడానికి వచ్చాడు, ఉన్నవాడు ఇవ్వాలి. ఖరీదార్ అని ఏ ఉస్తాదూ వాణ్ని పిలవలేదు. గిరాకీ అని ఏ పంతులూ పిలవలేదు.

ఆ పేరు మా తరం కళ్లముందే వచ్చింది. ఇవాళ కాలేజీల యజమానులు విలేకరుల ముందే 'మా కస్టమర్లు' అంటున్నారు. అనడానికి సిగ్గుపడటం లేదు, వినడానికి మనమూ సిగ్గుపడటం లేదు.

తాలిబ్ అనే మాటకు ఇంకో గతి కూడా పట్టింది. నేను తెలుగు పత్రికలో ఉద్యోగం చేస్తూ ఉర్దూ పత్రికలకు రాసేవాణ్ని. 2001 తర్వాత మా డెస్కు మీదికి అఫ్ఘానిస్తాన్ వార్త వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నావైపు చూసి 'ఏం సాబ్, మీవాళ్లేగా' అని నవ్వేవారు. తాలిబాన్ అనేది తాలిబ్‌కి బహువచనం, ఆ మాటకు విద్యార్థులని అర్థం, మా ఇంట్లో బడికిపోయే ప్రతి పిల్లా తాలిబే అని చెప్పేవాణ్ని. ఎవరికి పట్టింది? అద్దె ఇల్లు అడిగితే ముస్లిం కుర్రవాడు అనుమానితుడు. అదే కుర్రవాడు జూన్ నెలలో కాలేజీ గేటు ముందు నిలబడితే గిరాకీ. ఈ రెండింటి మధ్య విద్యార్థి అనేవాడు ఎటు పోయాడు? నా బాధ అదీ.

మాది నల్లగొండ. అబ్బా సైకిల్ టాక్సీ నడిపేవాడు. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, మసీదు పక్క మక్తబ్‌లో ఉర్దూ. 1997లో సర్కారు డిగ్రీ కాలేజీలో బి.ఏ.లో చేరాను. ఏడాది ఫీజు కొన్ని వందలు. అబ్బా గల్లాపెట్టెలోంచి చిల్లర లెక్కపెట్టి కట్టాడు. ఆ కాలేజీ భవనం కురిసేది. లెక్చరర్ పోస్టులు సగం ఖాళీ. దాన్ని స్వర్గమని చెప్పడానికి నేనేం సిద్ధంగా లేను. కానీ ఆ లైబ్రరీలోనే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' నా చేతికొచ్చింది. 1991లో వచ్చిన పుస్తకం. ఆ తర్వాత 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. నేను ఈ దేశంలో ఎవరిని అని తెలుగులో అడగవచ్చునని ఆ పుస్తకాలు చెప్పాయి. ఆ చదువు నాకు ఎవరూ అమ్మలేదు. ఏ సిలబస్‌లోనూ లేదు, ఏ ఉద్యోగానికీ పనికిరాదు. అది లేకపోతే మాత్రం ఇవాళ ఈ నాలుగు మాటలు రాసేవాణ్ని కాను.

అప్పటికే ఊళ్ల చుట్టూ పొలాల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. చదువును అమ్మకూడదనే చట్టం లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లోనే చట్టం చేశారు. 1992లో మోహినీ జైన్ కేసులో, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చదువు వ్యాపారం కాకూడదని చెప్పింది. ఆ తర్వాత గాలి మారింది. 2000లో ప్రధానమంత్రి వాణిజ్య పరిశ్రమల మండలికి ముఖేష్ అంబానీ, కుమారమంగళం బిర్లా ఇచ్చిన నివేదిక ఉన్నత విద్యలో వాడుకునేవాడే డబ్బు కట్టాలన్నది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది జడ్జీల ధర్మాసనం ఉన్నికృష్ణన్ ఏర్పాటును పక్కనపెట్టింది. కాలేజీ పెట్టడం ఒక వృత్తి, లాభాపేక్ష కూడదుగానీ 'సహేతుకమైన మిగులు' ఉండొచ్చు అన్నది. ఆ మిగులు అన్న మాట సందులోంచి ఎన్ని బస్సులు, ఎన్ని భవనాలు, ఎన్ని ఎమ్మెల్యే టికెట్లు దూరిపోయాయో రెండు రాష్ట్రాల జనానికి తెలుసు. రాష్ట్రం విడిపోయేనాటికి ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు ఏడువందలు.

ఇందులో మా వాటా ఏమిటి? రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు తాము పెట్టుకునే హక్కు ఇచ్చింది. మాకు ఆ హక్కు విలువ తెలుసు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దానికోసమే దారుల్ తర్జుమా పెట్టి గణితాన్ని, రసాయనశాస్త్రాన్ని, న్యాయశాస్త్రాన్ని ఉర్దూలోకి తెచ్చారు. ఆ గొప్ప చెప్పుకునేటప్పుడు నేను ఇంకో సంగతి కూడా చెబుతాను. ఆ రాజ్యంలో ఎక్కువమంది జనం మాట్లాడే తెలుగుకు అక్కడ బోధనాభాషగా చోటు లేదు. ఆ కోపం న్యాయమైందే. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ మాధ్యమం కూడా పోయింది, ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ చదువుకున్న తరం ఒక్కసారిగా నిరక్షరాస్యులతో సమానమైపోయింది. మళ్లీ ఉర్దూకు ఒక యూనివర్సిటీ రావడానికి యాభై ఏళ్లు పట్టింది. 1998లో గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ పేరున వచ్చింది.

ఆ యాభై ఏళ్ల గుంతను పూడ్చాలనే 1980ల్లో మా పెద్దలు కాలేజీలు మొదలుపెట్టారు. 1980లో బంజారాహిల్స్‌లో ముఫఖంజా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. గల్ఫ్‌లో చెమటోడ్చిన డబ్బు, ఊళ్లో ఉన్న కాస్త భూమి, ఏదో చెయ్యాలనే తపన, ఇవన్నీ కలిసి కొన్ని సంస్థలు నిలబడ్డాయి. పాతబస్తీ నుంచి, జిల్లాల నుంచి వెళ్లిన మొదటి ఇంజనీర్లు అలాంటి చోట్ల తయారయ్యారు. వాళ్లకు సలాం.

కానీ తర్వాత వచ్చినవాళ్లలో కొందరికి 30వ అధికరణం హక్కుగా కనిపించలేదు, లైసెన్సుగా కనిపించింది. 2004లో మైనారిటీ విద్యాసంస్థల జాతీయ కమిషన్ వచ్చింది, మైనారిటీ హోదా కాగితం ఇవ్వడానికి ఒక తలుపు తెరుచుకుంది. 2006లో అమల్లోకి వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు కాలేజీల్లో కూడా రిజర్వేషన్లకు వీలు కల్పించింది, మైనారిటీ సంస్థలను దాన్నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు మా పిల్లలకోసం ఇచ్చింది. దాని నీడలో దళిత పిల్లవాడికి సీటు తప్పించి, ముస్లిం పిల్లవాడికీ ఇవ్వకుండా, పైకం ఎక్కువ తెచ్చినవాడికి అమ్ముకుంటే ఆ కాలేజీ ఎవరిది? బోర్డు మీద మిల్లత్, గల్లాలో మార్కెట్.

ఒక సంవత్సరం జూన్‌లో ఒకే కాలేజీ రెండు పత్రికల్లో వేసుకున్న ప్రకటనలు నా బల్లమీద పక్కపక్కన పడ్డాయి. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. తెలుగు ప్రకటనలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు, న్యాక్ గ్రేడు, వైఫై, ఏసీ బస్సులు. మైనారిటీ అనే మాట భూతద్దం పెట్టి వెతికినా లేదు. అదే కాలేజీ ఉర్దూ ప్రకటనలో ప్లేస్‌మెంట్ల మాట చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాల్లో 'మిల్లత్ కా అప్నా ఇదారా'. ఆడపిల్లలకు పర్దా ఇబ్బంది లేని వాతావరణం, వేరే బస్సు, నమాజుకు గది. రెండు భాషలూ చదవగలిగినవాడికి మాత్రమే ఆ తేడా కనిపిస్తుంది. తెలుగువాడి దగ్గర మేం ముస్లింలమని దాచారు. ముస్లిం దగ్గర మన ముస్లింతనాన్నే అమ్మకానికి పెట్టారు. చదువు ఎలా చెబుతారు, ఎంతమంది టీచర్లున్నారు, మొదటి ఏడాది చేరినవాళ్లలో నాలుగో ఏడాదికి ఎంతమంది పాసయ్యారు అనేది రెండిట్లోనూ లేదు. మా అమ్మలకు కూతురి భద్రత గురించి ఎంత భయమో వాళ్లకు తెలుసు. ఆ భయానికి ధర కట్టారు.

ఈ బజారులోకి మా బీదవాళ్లు అడుగుపెట్టగలిగింది ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకం వచ్చింది. అంతకు ముందే 2007 చట్టంతో బీసీ-ఇ కింద ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. కోర్టుల్లో ఎన్ని దెబ్బలు తిన్నా 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది బతికి బయటపడింది. ఆ రెంటివల్ల ఇంజనీర్లయిన పండ్లబండివాళ్ల పిల్లలను, పంక్చర్ దుకాణాలవాళ్ల పిల్లలను నేనెరుగుదును. ఆ పథకాన్ని తీసెయ్యమని ఎవరైనా అంటే మొదట నేనే అడ్డం పడతాను.

కానీ దాని లెక్క ఒకసారి చూడండి. కొనేది ఎవరు? సర్కారు. అమ్మేది ఎవరు? కాలేజీ. మరి విద్యార్థి ఎవరు? తలలెక్క. ఇంటర్ పరీక్షలు కాకముందే కాలేజీల పీఆర్వోలు ఊళ్లమీద పడి పిల్లల ఫోన్ నెంబర్లు కొనుక్కునేది ఇందుకే. తలకింతని దళారీలకు ముట్టజెప్పేది ఇందుకే. పశువుల సంతలో కొనేవాడు వేరు, అమ్మేవాడు వేరు, మధ్యన తాడుకు కట్టి ఉన్నది వేరు. మనపిల్లలు కస్టమర్లు అని మురిసిపోయేవాళ్లు తాడు ఎవరి మెడకుందో చూడాలి.

మా ఆపా కూతురు 2019లో బి.టెక్.లో చేరింది. ర్యాంకు పదివేలు దాటింది కాబట్టి తెలంగాణలో సర్కారు ఇచ్చేది ఏడాదికి 35,000. కాలేజీ ఫీజు 60,000. మిగిలిన పాతికవేలు దుల్హాభాయ్ ట్రాలీ ఆటో తోలి కట్టాడు. 2023లో పిల్ల ఫస్టు క్లాసులో పాసైంది. ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడానికి తేదీ ఇచ్చారు. కాలేజీకి వెళితే ఆఫీసులో గుమస్తా 'మీ గవర్నమెంట్ డబ్బులు రెండేళ్లవి రాలేదమ్మా, డెబ్బై వేలు కట్టి తీసుకుపో' అన్నాడు. మీ గవర్నమెంట్! ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. 'మామూ, పహలే పైసే భరో బోల్‌రైఁ. మేరా సర్టిఫికెట్ హై నా?' అంది. సర్టిఫికెట్ తనదే కదా అని అడుగుతోంది. నాలుగేళ్లు చదివిందీ, పరీక్ష రాసిందీ, పాసైందీ తను. కాగితం మాత్రం తనది కాదు. సర్కారు బాకీకి తాకట్టు.

సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందని నేను ఆ కాలేజీవాళ్లకు చెప్పాను. ఆ కాగితం తెచ్చి చూపించాను. వాళ్లు చదివి, మర్యాదగా మడిచి, తిరిగి నా చేతిలో పెట్టారు. హైకోర్టుకు పోతే గెలుస్తాం, అలా గెలిచినవాళ్లు ఉన్నారు. కానీ కంపెనీవాడు ఇచ్చిన గడువు వారం రోజులు. ఆపా గాజులు బంగారం మీద అప్పిచ్చే దుకాణానికి పోయాయి. కాలేజీ ఇచ్చిన చీటీమీద 'అడ్వాన్స్' అని రాసి ఉంది. సర్కారు డబ్బు వచ్చాక తిరిగిస్తామన్నారు. గాజులు ఇంకా ఇంటికి రాలేదు.

వాళ్లది కూడా ఒక బాధే అని ఒప్పుకుంటాను. సర్కారు ఏళ్ల తరబడి బకాయి పెడితే జీతాలు ఎక్కడినుంచి ఇస్తారు? 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిలకోసమే బంద్ పాటించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి కొన్నేళ్లు ఆ డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు, తల్లి తీసి కాలేజీకి కట్టాలి. సర్కారు ఆలస్యం చేస్తే కాలేజీ నిలదీసేది ఆ తల్లినే. పద్ధతి ఏదైనా, సర్కారుకీ కాలేజీకీ మధ్య పేచీ వస్తే నలిగేది ఆ బేరంలో సంతకం పెట్టని మనిషే.

సరే, కస్టమర్ అన్నారు కదా, కస్టమర్ హక్కులైనా ఇస్తారా? నాకు తెలిసిన ఒక వకీలును అడిగాను. ఆయన చెప్పింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరీక్ష రాసే పిల్లవాడు వినియోగదారుడు కాడని సుప్రీంకోర్టు 2009లో బీహార్ స్కూల్ పరీక్షల బోర్డు కేసులో చెప్పింది. 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో అదే మాట. 2012లో మరో కేసులో విద్య సరుకు కాదన్నది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని తేల్చింది. కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయట. ఆ ప్రశ్న మళ్లీ సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

విద్య సరుకు కాదు! ఎంత గొప్ప మాట. ఆ మాట ఫీజు కట్టించుకునే కిటికీ దగ్గర ఎందుకు వినిపించదు? డబ్బు తీసుకునేటప్పుడు చదువు సరుకు, మోసపోయామని ఫిర్యాదు చేసేటప్పుడు చదువు పవిత్రం. ఇంగ్లండులో 1998లో ఏడాదికి వెయ్యి పౌండ్లతో ఫీజు మొదలుపెట్టి 2012కి తొమ్మిదివేలకు తెచ్చారు. అది అన్యాయమే. కానీ 2015లో అక్కడి పోటీ, మార్కెట్ల సంస్థ వినియోగదారుల చట్టం కింద మీ బాధ్యతలు ఇవీ అని యూనివర్సిటీలకు రాసిచ్చింది. అక్కడ విద్యార్థిని గిరాకీ చేసి చేతిలో రసీదైనా పెట్టారు. ఇక్కడ మనకు ధర మిగిలింది, రసీదు లేదు.

నాకు ఆ రసీదుతో తృప్తి లేదు. ఎందుకంటే గిరాకీ ఎప్పుడూ ఒంటరివాడు. వాడు తన చెప్పు తెగితే తన చెప్పు గురించే అడుగుతాడు. విద్యార్థులు గుంపు. పక్కవాడి స్కాలర్‌షిప్ ఆగితే తరగతి మొత్తం లేచి బయటికి రావచ్చు. కస్టమర్ అనే పేరుపెట్టి మొదట కోసింది ఆ తాడునే. మా కుర్రవాళ్లు గుంపుగా ఉంటే ఎలాగూ అనుమానిస్తారు కాబట్టి వాళ్లు ఇంకా తొందరగా ఒంటరివాళ్లయ్యారు. తల వంచుకుని చదువుకో బేటా, గొడవల్లోకి పోకు అని ప్రతి ఇంట్లో చెబుతారు. తల వంచుకున్నవాడికి సర్టిఫికెట్ కూడా ఇవ్వకపోతే ఇంకేం వంచాలి?

ఈ బజారులో చోటు దొరకని చదువులు కూడా ఉన్నాయి. బి.ఏ. చరిత్ర, రాజనీతి, తెలుగు సాహిత్యం, ఉర్దూ సాహిత్యం. వీటికి గిరాకీ లేదంటారు. పోస్టులు నింపక, సెక్షన్లు ఎత్తేసి, ఆనక గిరాకీ లేదంటారు. మా చరిత్రను ఎవరెవరో తిరగరాస్తున్న కాలంలో చరిత్ర చదివిన ముస్లిం పిల్లలు లేకపోతే జవాబు ఎవరిస్తారు? కోడింగ్ వచ్చినవాడు ఇస్తాడా? వాడు బతకాలి, బతకనివ్వండి. కానీ ఒక సమాజం మొత్తం నాలుగేళ్ల కోర్సుకు, ఆరు నెలల కోచింగ్‌కు కుదించుకుపోతే తన కథ తాను చెప్పుకునే నోరు పోతుంది.

అంకెలు చూస్తే భయం వేస్తుంది. 2006లో సచార్ కమిటీ చెప్పింది: పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్లలో పాతికమందికి ఒక్కరు ముస్లిం, పీజీలో యాభైమందికి ఒక్కరు. కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థులు 2019-20లో 21 లక్షలు, 2020-21లో 19.2 లక్షలు. మొత్తం విద్యార్థుల సంఖ్య పెరిగిన ఏడాది మేం తగ్గాం. 2022 డిసెంబర్‌లో కేంద్రం మైనారిటీలకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేసింది. కొనలేనివాడు బజారు నుంచి వెళ్లిపోతాడు. వెళ్లిపోయినవాడి గురించి బజారుకు బెంగ ఉండదు. బెంగ ఉండాల్సింది సర్కారుకు, ఆ తర్వాత మాకు.

అందుకే అడుగుతున్నాను. సర్కారును అడిగేది ఒక్కటే: మీ బాకీకి మా పిల్లల కాగితాలు జామీను పెట్టకండి. పాసైన రోజే సర్టిఫికెట్ చేతికి రావాలి, డబ్బు సంగతి మీరూ కాలేజీలూ తేల్చుకోండి. బుద్ధిజీవులను అడిగేది: మైనారిటీ బుజ్జగింపు అని రాసేముందు ఆ బుజ్జగింపు డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో ఒకసారి చూడండి.

ఇక మిల్లత్ పేరుతో కాలేజీలు నడిపే మా పెద్దలు. జనాబ్, మీ మీద మాకు వేరేవాళ్లకు లేని హక్కు ఉంది. మీరు మా పేరు వాడుకుంటున్నారు. ఈ ఏడాది మీ దగ్గర చేరిన ముస్లిం పిల్లలెందరు, అందులో ఆడపిల్లలెందరు, ఒక్కొక్కరి దగ్గర తీసుకున్నదెంత, నాలుగేళ్లకు పాసైంది ఎందరు, జకాత్ డబ్బుతో చదివించింది ఎందరిని, ఎవరి సర్టిఫికెట్లు మీ బీరువాలో ఉన్నాయి? ఈ లెక్క తెలుగులో ఒక రకంగా, ఉర్దూలో ఒక రకంగా వద్దు. రెండు భాషల్లో ఒకటే లెక్క గేటు మీద రాయండి. పేరు ఎలాగూ రాసుకున్నారు.